ఒకే ఊరు... రెండు ఫ్లైట్లు

మీది గోదావరి జిల్లాల్లో ఏ ఊరైనా సరే, ఒక చిన్న ప్రశ్న. మీ వీధిలోంచి అమెరికా వెళ్లినవాళ్లు ఎంతమంది?

అడగ్గానే వేళ్లు మడిచి చెప్పేస్తారు. ఫలానా వాళ్లబ్బాయి డాలస్, ఫలానా వాళ్లమ్మాయి న్యూజెర్సీ, ఆ మేడ వాళ్ల అల్లుడు ఇంకా హెచ్‌1బీ తగలక ఓపీటీ మీదే ఉన్నాడు... కంపెనీ పేరు, కారు మోడల్‌తో సహా వచ్చేస్తాయి.

సరే, రెండో ప్రశ్న. అదే ఊళ్లోంచి కువైట్, ఒమన్, ఖతార్ వెళ్లి ఇళ్లల్లో పనిచేస్తున్న ఆడవాళ్లు ఎంతమంది?

ఇక్కడ కాస్త ఆగుతాం. "చాలామందే వెళ్లారండి" అంటాం. ఎంతమంది అంటే తెలీదు. జీతం ఎంత, ఏ వీసా మీద వెళ్లారు, మళ్లీ ఎప్పుడొస్తారు, వాళ్ల పిల్లల్ని ఎవరు చూస్తున్నారు... ఏదీ తెలీదు. ఒకే ఊరు, ఒకే కాలవ నీళ్లు, ఒకే శంషాబాద్ ఎయిర్‌పోర్ట్. కానీ ఒక ఫ్లైట్ ఎక్కినవాళ్ల గురించి అంతా తెలుసు. ఇంకో ఫ్లైట్ ఎక్కినవాళ్ల గురించి ఏమీ తెలీదు.

ఈ తేడా ఎందుకొచ్చిందో అడగడమే ఉద్యోగంగా పెట్టుకున్నవాళ్లు కొందరున్నారు. కాలేజీల్లో, యూనివర్సిటీల్లో సోషియాలజీ, సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్ల లెక్చరర్లు, ప్రొఫెసర్లు. మనం బీటెక్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు కన్నెత్తి కూడా చూడని డిపార్ట్‌మెంట్లు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. డెల్టాలో పుట్టి పెరిగి, బీటెక్ చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో పనిచేస్తున్నా. ఆ మధ్య మా బాబాయి కూతురు డిగ్రీ అవగానే ఎంఎస్‌డబ్ల్యూ, అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్, చేస్తానంది. ఇంట్లో పెద్ద చర్చ. "అది చదివితే ఏం ఉద్యోగం వస్తుందిరా? నువ్వు చెప్తే వింటది, నువ్వైనా చెప్పు" అని బాబాయి నాకు ఫోన్ చేశాడు. ఏదో ఒకటి చెప్పేముందు అసలు ఆ చదువుల వాళ్లు ఏం చేస్తారో చూద్దామని మొదలుపెట్టా. వీకెండ్లలో పీడీఎఫ్‌లు తిరగేస్తుంటే తెలిసిందేంటంటే, వాళ్లు ఎప్పట్నుంచో నా మీదే రీసెర్చ్ చేస్తున్నారు!

అమీర్‌పేట మీద పీహెచ్‌డీ

షియాంగ్ బియావ్ అని ఒక చైనా ఆంత్రోపాలజిస్ట్. బీజింగ్‌లో చదువుకునే రోజుల్లోనే, 1992లో, తన సొంత ప్రాంతం వెన్‌జౌ నుంచి బీజింగ్‌కు వలస వచ్చి బట్టలు కుట్టుకుని బతికేవాళ్ల బస్తీ మీద పరిశోధన మొదలుపెట్టి, ఆరేళ్లు దాని వెంటే తిరిగాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీకి వెళ్లి ఎంచుకున్న టాపిక్ ఏంటో తెలుసా? మన తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్లు.

2000, 2001 ప్రాంతంలో సిడ్నీలో, హైదరాబాద్‌లో మనవాళ్ల మధ్య తిరిగాడు. సరిగ్గా డాట్‌కామ్ బుడగ పేలి అందరూ బెంచ్ మీదకొచ్చిన టైమ్ అది. ఆ పుస్తకం పేరు 'గ్లోబల్ బాడీ షాపింగ్'. 2007లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. మరుసటి ఏడాది దానికి ఆంత్రోపాలజీలో ఆంథనీ లీడ్స్ ప్రైజ్ కూడా వచ్చింది.

కన్సల్టెన్సీ అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. వాడు వీసా స్పాన్సర్ చేస్తాడు, రెజ్యూమె 'తయారు' చేయిస్తాడు, ప్రాజెక్ట్‌లో పెడతాడు, మన బిల్ రేట్‌లోంచి తన వాటా తీసుకుంటాడు. క్లయింట్‌కీ మనకీ మధ్య రెండు మూడు లేయర్లు. ప్రాజెక్ట్ అయిపోతే బెంచ్. షియాంగ్ చెప్పిందేంటంటే, ఈ ఏర్పాటంతా మార్కెట్‌లో వచ్చే ఒడుదొడుకుల్ని కంపెనీల నెత్తి మీంచి దింపి ఉద్యోగి నెత్తిన పెట్టడానికే. ఉద్యోగి ఆ బరువును ఎక్కడ దింపుకుంటాడు? ఇంట్లో. బెంచ్ మీదున్న నాలుగు నెలలూ అమ్మానాన్న పంపే డబ్బులతోనే కదా రూమ్ రెంట్ కట్టేది.

అందుకే ఆయన సిడ్నీ ఆఫీసుల దగ్గర ఆగిపోలేదు. వెనక్కి, ఆంధ్రప్రదేశ్ దాకా వచ్చాడు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు చూశాడు. పెళ్లి సంబంధాల గురించి అడిగాడు. ఐటీ పెళ్లికొడుకు రేటు ఎలా పెరిగిందో, ఆ కట్నం డబ్బులే ట్రైనింగ్‌కీ, వీసాకీ, ఒక్కోసారి కొత్త కన్సల్టెన్సీ పెట్టడానికీ ఎలా పెట్టుబడి అయ్యాయో రాశాడు. ప్రపంచానికి తక్కువ ధరకు దొరుకుతున్న ఒక్కో ఐటీ ఉద్యోగి వెనుక, ఊళ్లోనే ఉండిపోయి ఆ ఖర్చు మోస్తున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారన్నది ఆయన చెప్పిన అసలు మాట.

'ప్యాకేజీ' ముందు పొలానికి వచ్చింది

మరి ఆ ఖర్చు మోసే శక్తి మన కుటుంబాల్లో కొన్నిటికి ఎక్కడ్నుంచి వచ్చింది? దీనికి జవాబు కావాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి.

ధవళేశ్వరం ఆనకట్ట కథ చిన్నప్పుడు అందరం చదివాం. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర విగ్రహం లేని ఊరు డెల్టాలో వెతకాలి. కాలవలొచ్చాయి, వరి వచ్చింది, భూమి ఉన్నవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. అక్కడ్నుంచి వందేళ్లు దాటితే 1960లో ఇంకో మలుపు. కేంద్ర ప్రభుత్వం దేశం మొత్తం మీద మొదటి విడతగా ఏడు జిల్లాల్ని ఎంచుకుని కొత్త విత్తనాలు, ఎరువులు, అప్పు, సలహా అన్నీ కలిపి ఒకేసారి ఇచ్చే పథకం పెట్టింది. ఆ ఏడింటిలో పశ్చిమగోదావరి ఒకటి. ఆ పథకాన్ని అప్పట్లో జనం ఏమని పిలిచేవారో తెలుసా? 'ప్యాకేజీ ప్రోగ్రామ్'. మా తరానికి ప్యాకేజీ అంటే సీటీసీ. మా తాతల తరానికి యూరియా బస్తా. ఈ రెండు ప్యాకేజీలకీ మధ్య చుట్టరికం ఉంది.

ఆ చుట్టరికాన్ని పట్టుకున్నావిడ కేరల్ ఉపాధ్య. 1980లలోనే కోస్తా ఆంధ్ర మీద పరిశోధన చేశారు. ముంబయిలో సోషియాలజీ పాఠాలు చెప్పి, తర్వాత బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1988లో 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఆవిడ కోస్తా రైతు పెట్టుబడిదారుల మీద పెద్ద వ్యాసం రాశారు. భూమి ఉన్న రైతు కుటుంబాలు డెల్టా వ్యవసాయంలో మిగిలిన డబ్బును టౌన్‌లోకి తెచ్చి వ్యాపారాల్లో పెట్టడం, పిల్లల్ని పెద్ద చదువులు చదివించడం, పెళ్లిళ్లతో ఆ బంధాల్ని గట్టి చేసుకోవడం... ఇదంతా అందులో ఉంటుంది. రైస్‌మిల్లు, సినిమాహాలు, లారీలు, కాంట్రాక్టులు. వింటుంటే మన ఊళ్లో పెద్ద ఇళ్ల చరిత్రలాగే లేదూ?

1990లో కట్నం గురించీ, కోస్తాలో ఆడవాళ్ల ఆస్తి గురించీ ఇంకో వ్యాసం రాశారు. మన వైపు ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద పొలం రాయడం పాత అలవాటే. కాగితం మీద అది ఆమెదే. కానీ దాన్ని కౌలుకిచ్చేదెవరు, అమ్మేదెవరు, ఆ డబ్బు ఎవరి వ్యాపారంలోకో ఎవరి తమ్ముడి చదువులోకో వెళ్తుందని నిర్ణయించేదెవరు? మన ఇళ్లల్లో ఎప్పుడూ పైకి అడగని ప్రశ్నలివి.

2006లో ఉపాధ్య, ఎ.ఆర్. వాసవి కలిసి ఐటీ ఉద్యోగుల మీద ఒక పెద్ద రిపోర్ట్ ఇచ్చారు. వాళ్లు చూసిన ఐటీ ఉద్యోగుల్లో ఎక్కువమంది పట్టణ మధ్యతరగతి నుంచి, పై కులాల నుంచి, చదువుకున్న తల్లిదండ్రులున్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లేనని తేలింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మన రాష్ట్రంలో ఈ బొమ్మ కొంత మారింది. నా బ్యాచ్‌లోనే దాని పుణ్యాన చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా 'మెరిట్' అని మనం అనే మాట వెనుక కాలవ నీళ్లు, ఎకరాలు, కులం, అమ్మ పేరు మీది పొలం ఇవన్నీ ఉంటాయి. రాత్రింబవళ్లు చదివి ర్యాంక్ తెచ్చుకున్న మాట నిజమే. చదువుకునేందుకు ఆ రాత్రులు మనకి ఎవరు కొనిచ్చారన్నది కూడా నిజమే.

రెండో క్యూ

ఇప్పుడు అదే కాలవకి అవతలి గట్టుకి వెళ్దాం. నీళ్లొచ్చాయి కానీ భూమి రాని ఇళ్లు. కూలి పని మీద బతికే దళిత, బీసీ పేటలు. వరికోత మిషన్లు వచ్చాయి, చేలు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయ్యాయి. నాట్లు, కోతలు, కుప్పనూర్పుల్లో ఆడవాళ్లకు దొరికే పనిదినాలు తగ్గాయి. తాకట్టు పెట్టడానికి పొలం లేనింట్లో కొడుకు వీసాకి లక్షలు ఎక్కడ్నుంచి తెస్తారు? గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల వీసా, టికెట్ ఖర్చు సాధారణంగా అక్కడి యజమానే పెట్టుకుంటాడు. మగవాళ్లకైతే చేతి డబ్బు పెట్టుకోవాలి. అందుకే ఆ ఇళ్లల్లోంచి ముందు ఫ్లైట్ ఎక్కేది అమ్మ.

తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఈ వలస దశాబ్దాలుగా సాగుతోంది. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ప్రవీణా కోడోత్ అనే ప్రొఫెసర్ కేరళ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి వెళ్లిన ఇలాంటి మహిళల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2012లో ఆవిడా, వి.జె. వర్గీస్ కలిసి రాసిన వ్యాసం పేరు తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: 'ఆడవాళ్లను కాపాడుతున్నామా, వలసనే ప్రమాదంలోకి నెడుతున్నామా?'

విషయం ఇది. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ కేటగిరీలోకి వస్తుంది. అంటే గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ కేటగిరీలో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు కనీసం 30 ఏళ్లు నిండాలని రూల్. 2016 ఆగస్టు నుంచి వాళ్లను ప్రైవేట్ ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని ఇంకో రూల్. ఉద్దేశం మంచిదే. మోసాల నుంచి కాపాడాలనే.

కానీ ఊళ్లో ఏం జరుగుతుంది? 27 ఏళ్ల ఆవిడకి అప్పు ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, మూడేళ్లు ఆగే పరిస్థితి లేదు. సబ్ ఏజెంట్ వస్తాడు. "విజిట్ వీసా మీద పంపిస్తానమ్మా, అక్కడికెళ్లాక అకామా కొట్టిస్తారు" అంటాడు. వెళ్తుంది. ఇప్పుడు ఆవిడ ఏ రికార్డులోనూ లేదు. కఫీల్ జీతం ఇవ్వకపోతే ఎంబసీకి వెళ్లి చెప్పాలన్నా భయం, ఎందుకంటే తను వచ్చిన దారే సరైంది కాదు. తలుపు మూసేసినంత మాత్రాన వెళ్లాల్సిన అవసరం పోదు, దొడ్డిదారి రేటు పెరుగుతుంది. కోడోత్ లాంటివాళ్లు ఏళ్లుగా చెబుతున్నది ఇదే.

అవతలి వైపు పూర్తిగా చీకటేం కాదు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబర్ చట్టం తెచ్చింది. రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక సెలవు ఇవ్వాలి, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఉండాలి, పాస్‌పోర్ట్ యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు. ఇవన్నీ కాగితం మీద ఉన్న హక్కులు. ఇంటి తలుపు వెనుక వాటిలో ఎన్ని అమలవుతాయన్నది వెళ్లొచ్చినవాళ్లను అడిగితేనే తెలుస్తుంది. అడిగేవాళ్లు ఉండాలిగా మరి!

డాష్‌బోర్డ్‌లో కనిపించని మనుషులు

మా పనిలో ఒక సూత్రం ఉంది. సిస్టమ్‌లో ఏదైనా జరిగితే లాగ్ పడాలి. లాగ్ పడకపోతే డాష్‌బోర్డ్ పచ్చగా మెరుస్తూనే ఉంటుంది, లోపల సర్వర్ తగలబడుతున్నా సరే.

గల్ఫ్ వలసది అచ్చంగా ఇదే పరిస్థితి. జనాభా లెక్కలవాళ్లు ఇంటికొచ్చి అక్కడ ఉంటున్నవాళ్లను రాసుకుంటారు. దేశం దాటినవాళ్లు అందులోకి రారు. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వ్యవస్థలో క్లియరెన్స్ తీసుకున్నవాళ్లే కనిపిస్తారు. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లు కనిపించరు. రెండు జల్లెళ్లూ దాటి జారిపోయేది ఎక్కువ ఇబ్బందుల్లో ఉన్నవాళ్లే.

కేరళ ఈ సమస్యని 1998లోనే గుర్తించింది. ఇంటింటికీ వెళ్లి "మీ ఇంట్లోంచి బయటి దేశం ఎవరు వెళ్లారు? ఎవరు తిరిగొచ్చారు? ఎంత పంపారు?" అని అడిగే కేరళ మైగ్రేషన్ సర్వే మొదలుపెట్టారు. కె.సి. జకరయ్య, ఇరుదయ రాజన్ అనే పరిశోధకులు దానికి ప్రాణం పోశారు. కొన్నేళ్లకోసారి చేస్తూనే ఉన్నారు, 2023లో కూడా చేశారు. అందుకే అక్కడ వలసల మీద చర్చ వస్తే రెండు వైపులా చేతిలో అంకెలుంటాయి. మన దగ్గర ఏజెంట్ మోసం వార్త వచ్చిన రోజు అయ్యో అంటాం, మర్నాడు మర్చిపోతాం.

కాలేజీ వాళ్లే ఎందుకు?

ఇలాంటి పని ఆక్స్‌ఫర్డ్ నుంచో తిరువనంతపురం నుంచో వచ్చేవాళ్లే చేయాలా? గోదావరి జిల్లాల కాలేజీల కోసం 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పెట్టుకున్నాం. దానికంటే ముందు, 1926లోనే మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలో ఉంది. ఊరి పక్క కాలేజీలో పాఠం చెప్పే సార్, మేడమ్ ఈ ప్రశ్నలు అడిగితే ఏం మారుతుంది?

చాలా మారుతుందని చెప్పడానికి పాత ఉదాహరణ ఒకటుంది. మన డెల్టా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు గిల్బర్ట్ స్లేటర్ అనే ఆయన మద్రాసు యూనివర్సిటీకి మొదటి ఎకనామిక్స్ ప్రొఫెసర్‌గా వచ్చాడు. వచ్చీరాగానే ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసి, విద్యార్థుల్ని వాళ్ల సొంత ఊళ్లకే సర్వేకి పంపాడు. భూమి ఎవరిది, కూలి ఎంత, అప్పు ఎంత, ఏం తింటారు... ఇలాంటివి. 1918లో అది పుస్తకంగా వచ్చింది. ఇరవై ఏళ్లు తిరక్కముందే పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ అవే ఊళ్లలో చాలావాటికి మళ్లీ వెళ్లి ఏం మారిందో చూసి 1940లో రెండో పుస్తకం వేశారు. ఆ కాలపు పల్లెల గురించి రాసే చరిత్రకారులు ఇవాళ్టికీ వాటిని తిరగేస్తారు. సెలవులకి ఇంటికెళ్లిన స్టూడెంట్లు మొదలుపెట్టిన పని అది!

రెండో ఉదాహరణ తెలంగాణది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే ఒక టీమ్‌ని తీసుకుని హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటకు వెళ్లారు. టీమ్‌లో వైద్యం, వ్యవసాయం, పశువైద్యం, విద్య రంగాల వాళ్లూ ఉన్నారు. ఒకపక్క ఊరివాళ్లకు సేవ, ఇంకోపక్క అధ్యయనం. దాని ఫలితమే 1955లో వచ్చిన 'ఇండియన్ విలేజ్'. భారతీయ గ్రామాల మీద వచ్చిన తొలి సమగ్ర అధ్యయనాల్లో అదొకటి. సోషియాలజీకీ, సోషల్ వర్క్‌కీ సంబంధం ఏంటని మీకు డౌట్ వస్తే శామీర్‌పేటే జవాబు. ఒకటి ఎందుకిలా ఉందని అడుగుతుంది. రెండోది ఇప్పుడేం చేద్దామని అడుగుతుంది.

రెండో ప్రశ్నకి రాజమండ్రిలో పాత అలవాటే ఉంది. 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. 1936లో ముంబయిలో టాటా వాళ్ల స్కూల్ మొదలయ్యాక మన దేశంలో సోషల్ వర్క్ కూడా ఒక చదువైంది. ఎంఎస్‌డబ్ల్యూ పిల్లలకు క్లాసులతో సమానంగా ఫీల్డ్‌వర్క్ ఉంటుంది. వారంలో కొన్ని రోజులు ఆసుపత్రిలోనో, స్కూల్లోనో, పేటలోనో గడపాలి. మనం ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కొనుక్కున్నట్టు కాదులెండి, అక్కడ రోజూ రిపోర్ట్ రాయాలి.

అడగడం కూడా ఒక విద్యే

"ఊళ్లో తిరిగి నలుగుర్ని అడిగితే రీసెర్చ్ అయిపోతుందా?" అని మా ఫ్రెండ్ ఒకడు నవ్వాడు. అంత ఈజీ అయితే బాగుండేది.

కువైట్ వెళ్లొచ్చిన ఆడవాళ్ల లిస్ట్ ఎక్కడా ఉండదు. కాబట్టి ఒకావిడ దగ్గర మొదలుపెట్టి, ఆవిడ చెప్పిన ఇంకో ఇంటికి, అక్కడ్నుంచి మరో ఇంటికి వెళ్లాలి. ఇందులో ఒక చిక్కుంది. డాబా కట్టుకున్నావిడ సంతోషంగా మాట్లాడుతుంది. జీతం రాక, ఒంటిమీద దెబ్బలతో తిరిగొచ్చినావిడ తలుపు తీయదు. ఇంకా అక్కడే ఉన్నావిడ అసలు దొరకదు. ప్లేస్టోర్‌లో రివ్యూలు చూసి యాప్‌ని అంచనా వేసినట్టే. రాసినవాళ్లే కనిపిస్తారు, అన్‌ఇన్‌స్టాల్ చేసి వెళ్లిపోయినవాళ్లు కనిపించరు. మంచి పరిశోధకురాలు ఆ తలుపు తీయనావిడ కోసం మూడోసారి, నాలుగోసారి వెళ్తుంది.

ఇక్కడే లోకల్ కాలేజీ వాళ్ల బలం తెలుస్తుంది. భాష వాళ్లదే, యాస వాళ్లదే. "ఏవండీ పిన్నిగారూ, బాగున్నారా" అని వంటింటి గుమ్మం దగ్గర కూర్చోగలిగేది వాళ్లే. అదే వాళ్ల బలహీనత కూడా. ఊరివాళ్లు కాబట్టి "నువ్వు ఫలానా వాళ్లమ్మాయివి కదూ" అని కులం అడుగుతారు. తర్వాత ఏం చెప్పాలో, ఏం దాచాలో నిర్ణయించుకుంటారు. చెప్పింది సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుందని భయపడతారు. అందుకే ముందే అనుమతి అడగడం, పేర్లు మార్చడం, ఊరి పేరు రాయకపోవడం, మధ్యలో వద్దంటే పుస్తకం మూసేయడం... ఇవన్నీ నేర్చుకోవాల్సిన పద్ధతులు. మా ఆఫీసులో యూజర్ డేటా ప్రైవసీ మీద ఏడాదికోసారి అరగంట ట్రైనింగ్ వీడియో పెడతారు, రెండో స్పీడ్‌లో చూసేస్తాం. వాళ్లకి అది రోజువారీ పని.

మరి ఆ రిపోర్ట్ ఎక్కడ?

ఇంత చదివాక నాకు కోపం వచ్చిన విషయం ఒకటుంది. షియాంగ్ పుస్తకం ఇంగ్లిష్. ఉపాధ్య వ్యాసాలు ఇంగ్లిష్. కోడోత్ పరిశోధన ఇంగ్లిష్. కొన్ని జర్నల్స్‌లో ఒక వ్యాసం డౌన్‌లోడ్ చేసుకోవాలంటే మా ఇంటి నెల నెట్ బిల్లుకంటే ఎక్కువ కట్టాలి. ఎవరి జీవితం గురించి రాశారో వాళ్లు మాత్రం అది ఎప్పటికీ చదవలేరు.

ఇది వాళ్లొక్కరి తప్పు కాదు. లెక్చరర్‌కి ప్రమోషన్ కావాలంటే జర్నల్‌లో పేపర్ పడాలి. పేటలో సమావేశం పెట్టి "మీరు చెప్పినవన్నీ కలిపితే ఇలా తేలిందమ్మా" అని తెలుగులో వివరిస్తే ఎవరూ మార్కులు వేయరు. ఆ మార్కులు వేసే పద్ధతి మారాలి. డెల్టాలో చేసిన ప్రతి అధ్యయనానికీ రెండు పేజీల తెలుగు సారాంశం ఉండాలి, అది ముందు ఆ ఊరి పంచాయతీ ఆఫీసుకి, సచివాలయానికి చేరాలి అని యూనివర్సిటీలు ఒక్క రూల్ పెడితే చాలు. ఖర్చు పెద్దగా ఉండదు. అది చదివిన ఒక్క తల్లి సబ్ ఏజెంట్‌ని "నీకు లైసెన్స్ ఉందా?" అని అడిగినా ఆ రీసెర్చ్ గిట్టుబాటయినట్టే.

బాబాయికి నేను చెప్పింది కూడా ఇదే. జీతం గురించి అబద్ధం చెప్పలేదు. మొదట్లో నాకంటే బాగా తక్కువే వస్తుంది. కానీ సాఫ్ట్‌వేర్ వాళ్లు మన వీధిలో ఇప్పటికే పదిమంది ఉన్నారు. కాలవ అవతలి గట్టుకి నోట్‌బుక్ పట్టుకుని వెళ్లి, వింటూ కూర్చునే మనిషి ఒక్కరూ లేరు. చెల్లి ఇప్పుడు అడ్మిషన్ తీసుకుంది.

మీ ఇంట్లోంచో, మీకు తెలిసిన ఇంట్లోంచో ఎవరైనా గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్తుంటే ఈ మూడు మాటలు వాళ్లకి చెప్పండి. ఒకటి, ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఫోన్‌లోనే చూడొచ్చు. రెండు, ఈసీఆర్ కేటగిరీలో క్లియరెన్స్ తీసుకుని వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రూ.10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. రెండేళ్లకి ప్రీమియం రూ.275, మూడేళ్లకి రూ.375, పైన పన్ను. విజిట్ వీసా మీద వెళ్తే అది రాదు. మూడు, అక్కడ ఇబ్బంది వస్తే విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఇక్కడున్న ఇంటివాళ్లు కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

ఇంకో మాట. రేపు మీ గుమ్మం ముందు ఎవరో కాలేజీ అమ్మాయి ప్రశ్నల కాగితం పట్టుకుని నిలబడితే సేల్స్ వాళ్లనుకుని తలుపేయకండి. కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి, అడిగినవాటికి జవాబు చెప్పండి. చివర్లో మీరూ ఒక ప్రశ్న అడగండి: "అమ్మా, ఇదంతా రాశాక మాకు తెలుగులో చూపిస్తావా?"